శాలరీ స్లిప్ లేకుంటే ఇల్లు ఇవ్వరా?

తమ్ముడూ, పెళ్లి ఫోటోలు తీస్తానని చెప్పగానే మహబూబ్‌నగర్ మెట్టుగడ్డలో ఓనర్ శాలరీ స్లిప్ అడిగి, లేదంటే ఫ్లాట్ ఇవ్వనన్నాడని రాశావు కదా, నల్లగొండలో నాకూ అచ్చం ఇదే జరిగింది, నాది సౌండ్ సిస్టమ్ పని. ఆయన భయమల్లా ఆషాఢంలో, మూఢంలో కిరాయి ఆగుతుందేమోనని. అందుకే నెల లెక్క కాదు, ఏడాది లెక్క చూపించు. 12 నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్, ఐటీ రిటర్న్ రసీదు పట్టుకెళ్లు. రిటర్న్ వేయలేదా? పన్ను పడకపోయినా వేయొచ్చు. చిన్న వ్యాపారులు అంచనా లాభం చూపే పద్ధతి (1961 ఐటీ చట్టంలో 44ఏడీ సెక్షన్) కింద అయితే లెక్కల పుస్తకాలు అక్కర్లేదు, బ్యాంకులో పడిన డబ్బు మీద కనీసం 6 శాతం, నగదు మీద 8 శాతం లాభం చూపాలి, కానీ నిజంగా ఎక్కువ మిగిలితే అదే చూపించు, లేదంటే ఆ కాగితం చూసి ఓనర్ ఇంకా భయపడతాడు! చిన్న వ్యాపారం ఉందని ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ సర్టిఫికెట్ కూడా చూపించు, అది ఆన్‌లైన్‌లో ఉచితం, ఎవడికీ పైసా ఇవ్వకు. ఇంకా నమ్మకపోతే ఒక నెల అడ్వాన్స్ ఎక్కువిస్తానను, కానీ 11 నెలల అగ్రిమెంట్‌లో ఆ మొత్తం, తిరిగిచ్చే గడువు రాయించు. నేను నోటిమాట మీద ఇచ్చి, ఖాళీ చేసే రోజు సున్నాల ఖర్చని సగం పోగొట్టుకున్నా. పాత ఓనర్ ఒప్పుకుంటే ఆయనతో ఒక ఫోన్ చేయించు.