జన్యువు ఏ భాషలోంచి అనువదిస్తుంది?

సందేహం: ఇఐఎఫ్2బి5 జన్యువు గురించి రాస్తూ "మాంసకృత్తుల అనువాదాన్ని ప్రారంభించే జన్యువు" అన్నాను. మా అన్నయ్య చదివి, ఏ భాషలోంచి ఏ భాషలోకిరా అని ఒకటే నవ్వు. అనువాదం అనకూడదా అండీ?

సమాధానం: అనొచ్చండి. మీ అన్నయ్యగారు వెక్కిరింపుగా అడిగినా అసలు ప్రశ్న అదే. డీఎన్‌ఏలో ఉన్నదాన్ని కణం ముందు ఆర్‌ఎన్‌ఏలోకి ఎక్కించుకుంటుంది, రెండిట్లోనూ నాలుగేసి అక్షరాలే (అంటే నాలుగేసి రకాల రసాయనాలే), టి బదులు యు వస్తుందంతే, అందుకే దాన్ని అనులేఖనం అన్నారు. తర్వాత ఆ ఆర్‌ఎన్‌ఏని మూడేసి అక్షరాల చొప్పున చదువుకుంటూ, 20 రకాల అమైనో ఆమ్లాల్లోంచి తగినదాన్ని తెచ్చి దండలా గుచ్చుకుంటూ పోతే ప్రోటీన్, అంటే మీరన్న మాంసకృత్తి, తయారవుతుంది. ఇక్కడ భాషే మారిపోయింది కాబట్టి అనువాదం. (సంస్కృతంలో అనువాదమంటే చెప్పిందే మళ్ళీ చెప్పటం, మన పాత కవులు తెనిగించటం అనేవాళ్ళు, అదో పెద్ద కథ.)

నాకు అడ్డం తగిలింది "మాంసకృత్తుల అనువాదం" అన్న సమాసం. పుస్తకాల అనువాదం అంటే పుస్తకాల్ని అనువదించటం కదా, ఆ లెక్కన మీరు మాంసకృత్తుల్ని ఇంకేదోగా మార్చేస్తున్నట్టు అయింది. అనువాదమయ్యేది ఆర్‌ఎన్‌ఏ, ప్రోటీన్ దాంట్లోంచి వచ్చేది. ఇంగ్లీషులోనూ ప్రోటీన్ ట్రాన్స్‌లేషన్ అనేసేవాళ్ళు బోలెడుమంది, మీకూ అక్కణ్ణుంచే అంటుకునుంటుంది.

ఇంకోటి, జన్యువు తనే వచ్చి ఏదీ ప్రారంభించదు. దాని ప్రకారం తయారైన ప్రోటీన్ ఇంకో నాలుగు రకాలతో కలిస్తే ఇఐఎఫ్2బి అవుతుంది. పక్కన ఇఐఎఫ్2 అని ఇంకొకటుంది, అది మొదటి అమైనో ఆమ్లం మెథియోనిన్‌ని మోసుకొచ్చి దింపేసరికి దాని దగ్గరున్న జీటీపీ (పనికి శక్తినిచ్చే చిన్న అణువు) కాస్తా జీడీపీ (ఆ శక్తి ఖర్చయిపోయిన రూపం) అయిపోతుంది, అప్పుడు ఇఐఎఫ్2బి ఆ జీడీపీని ఊడదీసి జీటీపీ ఎక్కేలా చేస్తుంది, ఖాళీ గ్యాస్ బండ తీసి నిండు బండ పెట్టినట్టు. అంటే పని జరగటానికి తోడ్పడుతుంది, ఇఐఎఫ్‌లో ఎఫ్ అంటే ఫ్యాక్టర్, అందుకే దానికి కారకం అన్న మాట భలే కుదిరింది, వ్యాకరణంలోనూ క్రియ జరగటానికి తోడ్పడేదే కారకం.

ఈ జన్యువు దెబ్బతింటే మెదడులో తెల్ల పదార్థం కరిగిపోయే జబ్బు వస్తుందని 2001లో తేలింది, అది చిన్నపిల్లలకే ఎక్కువ, జ్వరమొచ్చినా తలకి దెబ్బ తగిలినా ముదురుతుంది. మీ వ్యాసం ఆ పిల్లల అమ్మానాన్నలు కూడా చదువుతారు కదా, సమాసాల జోలికి పోకుండా "ఆర్‌ఎన్‌ఏ అనువాదం మొదలవటానికి తోడ్పడే ప్రోటీన్ తాలూకు జన్యువు" అని రాసెయ్యండి, కాస్త పొడుగైనా ఫర్వాలేదు.