ఫ్రీ వై-ఫై పెట్టే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

అందరికీ ఫ్రీ వై-ఫై పెడతానంటూ నువ్వు రాసిన ఉత్తరం చదివాను. ఏ రౌటర్ కొనాలి, యాంటెన్నా ఎంత ఎత్తులో పెట్టాలి అని నాలుగు పేజీలు రాశావు. కనెక్షన్ ఎవరి పేరు మీద తీసుకుంటున్నావో ఒక్క ముక్క రాయలేదు. నాకు కంగారు పుట్టింది అక్కడే.

నేనూ అలాగే దిగాను. ఇంటర్నెట్ కంపెనీ ఒప్పందంలో సన్నటి అక్షరాల్లో బయటివాళ్లకు పంచకూడదని ఉంది. చదవకుండా సంతకం పెట్టాను. మూడో నెలలో లైన్ పీకేశారు. వాళ్లను తిట్టుకున్నాను గానీ, సంతకం నాదే కదా! పంచుకోవచ్చని కాగితం మీద రాసిచ్చే కంపెనీ దొరికేదాకా నువ్వు ఆగు.

అసలు చిక్కు వేరే ఉంది. నీ వై-ఫై మీద ముక్కూ మొహం తెలియనివాడెవడో దొంగ పాటలు పంచితే జవాబు చెప్పాల్సింది ఎవరు? జర్మనీలో జరిగింది విను. 2010లో అక్కడి సుప్రీం స్థాయి కోర్టు, వై-ఫైకి సరైన పాస్‌వర్డ్ పెట్టని యజమానికీ కొంత బాధ్యత ఉంటుందని తేల్చింది. ఆ ఏడాదే మ్యూనిక్ దగ్గర లైట్లు, సౌండ్ సామాన్లు అమ్మే మెక్‌ఫాడెన్‌కు సోనీ మ్యూజిక్ నుంచి నోటీసు వచ్చింది. ఆయన ఓపెన్ వై-ఫై నుంచి ఎవరో ఒక ఆల్బమ్ పంచారట. ఆయన తగ్గలేదు. కేసు యూరప్ కోర్టు దాకా పోయింది. 2016లో ఆ కోర్టు, నెట్‌కు దారి మాత్రమే ఇచ్చినవాడు నష్టపరిహారం కట్టక్కర్లేదంది. కానీ పాస్‌వర్డ్ పెట్టమని, అది కావాలన్నవాళ్లు తామెవరో చెప్పాలని స్థానిక కోర్టు ఆదేశించవచ్చని కూడా అంది. గెలుపు సగమే అన్నమాట. మరుసటి ఏడాది జర్మనీ చట్టం మార్చి వై-ఫై ఇచ్చేవాళ్ల మీద భారం చాలావరకు తగ్గించింది.

ఇకముందు గొడవంతా ఆ మిగిలిన సగం మీదే అని నా అనుమానం. పేరు చెప్పకుండా వాడుకోవచ్చా, లేదా?

యూరప్ చట్టంలో దారి ఇచ్చేవాడికి రక్షణ ఉన్నది, వెళ్లే సమాచారాన్ని అతను ఎంచకుండా, మార్చకుండా ఉన్నంతవరకే. అందుకే జనం చూసే పేజీల్లో నీ ప్రకటనలు దూర్చకు. ఖర్చులకు పనికొస్తాయని ఎవరైనా ఆశ పెడతారు, లొంగకు. లాగ్‌లు, అంటే ఎవరు ఎప్పుడు వాడారో చెప్పే రికార్డులు, కూడా మీ చట్టం అడిగినంతే దాచు. నీ దగ్గర ఉన్నదాన్నే ఎవరైనా అడగగలరు.

కనెక్షన్ నీ సొంత పేరు మీద వద్దు. సంఘం రిజిస్టర్ చేయించు. స్పెయిన్‌లోని కాటలోనియాలో జనమే కలిసి నడుపుకునే నెట్‌వర్క్ గీఫీ నెట్ 2004లో మొదలై, 2008లో ఫౌండేషన్ అయింది. అది అయ్యాకే కంపెనీలతో, ప్రభుత్వంతో కాగితాల మీద మాట్లాడే వీలు కలిగింది.

ఇంకొకటి. వై-ఫై నడిచేది లైసెన్స్ అక్కర్లేని బ్యాండ్‌లో, అంటే రేడియో తరంగాల పరిధిలో. లైసెన్స్ అక్కర్లేని బ్యాండ్ అంటే నిబంధనలు లేని బ్యాండ్ కాదు. సిగ్నల్ పవర్ పరిమితి దాటించకు. 5 గిగాహెర్ట్జ్‌లో కొన్ని ఛానళ్లు వాతావరణ రాడార్లవి కూడా. వాటికి దారి ఇచ్చే సెట్టింగ్ ఆపేయమని కుర్రాళ్లెవరైనా చెబితే వినకు.

సంఘం నియమాల చిత్తుప్రతి లాయరుకు చూపించి నాకు పంపు. యాంటెన్నా ఆర్డర్ అప్పటిదాకా ఆపు.

మీ పెదనాన్న