టెక్ సందేహాలు: సొంత భాష నడుస్తోంది, విండో తెరుచుకునేదెలా?

ప్రశ్న: సరదాగా మొదలుపెట్టి ఆరు నెలల్లో సొంతంగా ఒక చిన్న ప్రోగ్రామింగ్ భాష తయారుచేశాను. దాని ఇంటర్‌ప్రెటర్ (కోడ్‌ను చదివి నడిపే ప్రోగ్రామ్) సీ భాషలో రాశాను. టెర్మినల్‌లో లూపులు, ఫంక్షన్లు అన్నీ బాగానే నడుస్తున్నాయి. ఇప్పుడు ఈ భాషలో రాసిన ప్రోగ్రామ్ విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ బటన్లు, టెక్స్ట్ బాక్సులతో కనిపించాలి. అవన్నీ నేనే గీసుకోవాలా?

జవాబు: కోడ్‌ను విడదీసి అర్థం చేసుకునే పార్సర్ దగ్గరే విసుగొచ్చి వదిలేసేవాళ్లు బోలెడుమంది. మీరు ఇంతదూరం వచ్చారు, అభినందనలు. గీసుకోవడం మాత్రం వద్దు. బటన్ గీయడం ఒక పూట పని. అసలు చిక్కంతా టెక్స్ట్ బాక్స్‌తోనే. కర్సర్ కదలాలి, మౌస్‌తో లాగితే అక్షరాలు ఎంపిక కావాలి, కాపీ, పేస్ట్, అన్‌డూ పనిచేయాలి, రకరకాల కీబోర్డులకు స్పందించాలి, చూపులేనివారికి స్క్రీన్ రీడర్ చదివి వినిపించాలి. మీ భాషకు పట్టిన ఆరు నెలలూ దీనికే పోతాయి.

ఎవరో చేసిపెట్టినదాన్ని వాడుకోవాలంటే మూడు దారులున్నాయి. ఆయా సిస్టమ్‌ల సొంత బటన్లనే పిలవడం ఒకటి. 1992 నుంచి ఉన్న డబ్ల్యూఎక్స్‌విడ్జెట్స్ ఈ పద్ధతే. అంతా తనే గీసుకునే టూల్‌కిట్ (బటన్లు, విండోల లైబ్రరీ) రెండోది. డార్ట్ భాషతో నడిచే ఫ్లటర్ ఈ కోవలోది. మూడోది బ్రౌజర్ ఇంజిన్‌లో పేజీలా చూపించడం. ఎలక్ట్రాన్ చేసేది ఇదే, కాకపోతే చిన్న ప్రోగ్రామ్‌కూ మొత్తం క్రోమియమ్ బ్రౌజర్‌ను మోసుకెళ్లాలి. మొదటి దారిలోనూ ముళ్లున్నాయి. జావా తొలిరోజుల్లో దాని విండోల లైబ్రరీ ఏడబ్ల్యూటీ అన్ని సిస్టమ్‌లకూ ఉమ్మడిగా ఉన్న బటన్లతోనే సరిపెట్టుకోవాల్సి వచ్చింది. అవీ ఒక్కోచోట ఒక్కోలా ప్రవర్తించేవి. చివరికి 1998లో జావా 1.2తో పాటు, తనే గీసుకునే స్వింగ్‌ను తెచ్చారు.

మీ ఇంటర్‌ప్రెటర్ సీలో ఉంది కాబట్టి నా ఓటు టీకేకి. పాతకాలపు సరుకని కొందరు ముఖం చిట్లిస్తారు, చిట్లించనివ్వండి. జాన్ ఔస్టర్‌హౌట్ బర్క్‌లీలో తన టీసీఎల్ భాషకు తోడుగా తయారుచేసిన టూల్‌కిట్ ఇది. పైథాన్ కూడా సొంతంగా బటన్లు గీసుకోలేదు. టీకేను పైథాన్‌కు అందించే టికింటర్ వాడినప్పుడల్లా పైథాన్ లోపల ఒక టీసీఎల్ ఇంటర్‌ప్రెటర్ నడుస్తుంటుంది. మీరూ అదే చేయొచ్చు. మీ భాషలోని ‘బటన్’ ఫంక్షన్ ఒక టీసీఎల్ ఆదేశాన్ని స్ట్రింగ్‌గా తయారుచేసి దానికి అందిస్తే చాలు. మొదటి విండో ఒక ఆదివారంలో తెరుచుకుంటుంది. యూజర్ టైప్ చేసినదాన్ని మాత్రం ఆ స్ట్రింగ్‌లో నేరుగా అతికించకండి. అందులో చదరపు బ్రాకెట్లు ఉంటే టీసీఎల్ వాటినీ ఆదేశమనుకుని నడిపేస్తుంది.

టెన్షన్ మొదలయ్యేది ఆ తర్వాతే. ఇంతవరకూ మీ ప్రోగ్రామ్ పైనుంచి కిందికి నడిచింది, పగ్గాలు మీ చేతిలో ఉన్నాయి. విండో తెరిచాక పగ్గాలు ఈవెంట్ లూప్‌వి, అంటే క్లిక్కుల కోసం ఎదురుచూస్తూ తిరిగే టూల్‌కిట్ లూప్‌వి. ఎవరైనా బటన్ నొక్కినప్పుడు అదే మీ ఫంక్షన్‌ను పిలుస్తుంది. ఇక్కడ నేను తిన్న దెబ్బ చెబుతాను. నా బుల్లి భాషలో బటన్ మొదట చక్కగా పనిచేసేది, కాసేపు వాడాక నొక్కితే ప్రోగ్రామ్ క్రాష్. రెండు రోజులు టూల్‌కిట్‌ను తిట్టుకున్నాను. తీరా చూస్తే తప్పు నాదే. నొక్కినప్పుడు నడవాల్సిన ఫంక్షన్‌ను పట్టుకున్నది సీ వైపు పాయింటర్ ఒక్కటే. నా భాష వైపు దాన్ని ఎవరూ వాడటం లేదనుకుని, వాడని మెమరీని ఖాళీ చేసే గార్బేజ్ కలెక్టర్ ఊడ్చిపారేసింది. అందుకే బటన్‌కు ఇచ్చిన ప్రతి ఫంక్షన్‌నూ కలెక్టర్‌కు కనిపించే ఒక పట్టికలో రాసుకోండి. బటన్ పోయినప్పుడే అందులోంచి తీసేయండి.

ఎర్రర్ వస్తే సీలోని లాంగ్‌జంప్‌తో, మధ్యలోని ఫంక్షన్లన్నీ దాటేసి బయటికి దూకే ఇంటర్‌ప్రెటర్ అయితే ఇంకో గొయ్యి ఉంది. బటన్ ఫంక్షన్‌లో ఎర్రర్ వచ్చినప్పుడు ఆ దూకుడు టూల్‌కిట్ కోడ్ మీదుగా వెళ్లి, సగంలో ఉన్న దాని పనిని అలాగే వదిలేస్తుంది. టూల్‌కిట్ మిమ్మల్ని పిలిచిన చోటే ఎర్రర్‌ను పట్టేసి, మామూలుగా వెనక్కి రండి. విండోకు సంబంధించిన పనులన్నీ మెయిన్ థ్రెడ్‌లోనే, అంటే ప్రోగ్రామ్ మొదలైన ప్రధాన దారంలోనే చేయండి. మ్యాక్ ఈ విషయంలో అస్సలు ఊరుకోదు.

ప్రశ్న: ఎలాగూ భాష నాదే కదా, స్క్రీన్ డిజైన్ కోసం ప్రత్యేక సింటాక్స్ పెట్టనా?

జవాబు: ఆశ పుట్టడం సహజమే. సొంత భాషతో వచ్చే అసలు మజా ఇదే. రెడ్ భాషలో విండో వర్ణనకే ఒక చిన్న ఉపభాష ఉంది. యాపిల్ స్క్రీన్ టూల్‌కిట్ స్విఫ్ట్‌యూఐ కోసం స్విఫ్ట్ భాషలోకే కొత్త సదుపాయం తెచ్చారు. అయినా తొందరపడకండి. ముందు మామూలు ఫంక్షన్లతో ఓ నాలుగైదు నిజమైన ప్రోగ్రామ్‌లు రాయండి. చేయి ఎక్కడ నొప్పెడుతుందో అప్పుడు తెలుస్తుంది. ఫంక్షన్ పిలుపు చివర ఒక కోడ్ బ్లాక్ ఇచ్చే వీలు కల్పిస్తే, విండోలో వరుస, వరుసలో బటన్ అన్నట్టు లోపల్లోపల రాసుకోవచ్చు. కొత్త కీవర్డ్ ఒక్కటి కూడా అక్కర్లేదు.

ప్రశ్న: నేను ఎస్‌డీఎల్ అనే గ్రాఫిక్స్ లైబ్రరీతో సొంతంగానే గీస్తున్నాను. ఇంగ్లిష్ బాగానే వస్తోంది, ‘స్త్రీ’ అని రాస్తే మాత్రం అక్షరాలు విడివిడిగా పడుతున్నాయి.

జవాబు: ‘స్త్రీ’ మన కంటికి ఒక్క అక్షరమే. యూనికోడ్‌లో అది 6 కోడ్‌పాయింట్లు (ఒక్కో గుర్తుకు ఇచ్చిన సంఖ్యలు), యూటీఎఫ్-8లో 18 బైట్లు. వాటిని కలిపి వత్తులతో పేర్చే పనిని షేపింగ్ అంటారు. అది హార్ఫ్‌బజ్ లైబ్రరీ చూసుకుంటుంది. అక్షరాలు గీసే మీ ఎస్‌డీఎల్ టీటీఎఫ్ లైబ్రరీని హార్ఫ్‌బజ్‌తో కలిపి బిల్డ్ చేశారో లేదో చూడండి. పనిలో పనిగా, మీ భాషలో స్ట్రింగ్ పొడవు అడిగితే 18 చెబుతుందా, 6 చెబుతుందా, 1 చెబుతుందా తేల్చుకోండి. కర్సర్ ఎక్కడ ఆగాలన్నది దానితోనే ముడిపడి ఉంది.

ప్రశ్న: ఇదే ప్రోగ్రామ్ ఫోన్‌లో నడుస్తుందా?

జవాబు: టీకే దారిలో ఆశ పెట్టుకోకండి. ఇంటర్‌ప్రెటర్‌ను ఎమ్‌స్క్రిప్టెన్ అనే కంపైలర్‌తో, బ్రౌజర్ నడపగలిగే వెబ్ అసెంబ్లీకి మార్చి, స్క్రీన్‌ను బ్రౌజర్‌కు వదిలేయడం తేలిక. ఐఫోన్‌లో మామూలు యాప్‌లు అప్పటికప్పుడు మెషీన్ కోడ్ పుట్టించి నడపడానికి వీల్లేదు. మీ భాషకు అలా పనిచేసే జిట్ కంపైలర్ రాయాలన్న ఆలోచన ఉంటే, అది అక్కడ పనికిరాదని ముందే లెక్కలో వేసుకోండి.