బడి నుంచి వచ్చే నెలవారీ సర్క్యులర్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రాథమిక తరగతుల పిల్లలున్న ఇళ్ళకు నెల మొదట్లో బడి నుంచి ఒక సమాచార పత్రం రావడం, అందులో సెలవుల దగ్గర నుంచి చేతులు కడుక్కోవడం దాకా అనేక సంగతులు కలగలిసి ఉండడం మామూలే. ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఆ పత్రం గురించే కనుక, ఈ సంచికలో శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: మా బాబు నాలుగో తరగతి, పాప ఒకటో తరగతి చదువుతున్నారు. ఇద్దరి తరగతుల నుంచీ వేరువేరుగా సర్క్యులర్లు వస్తాయి. వచ్చిన రోజే చదువుతాను, అయినా ఏదో ఒకటి తప్పిపోతూనే ఉంటుంది. పోయిన నెల విహారయాత్రకు అనుమతి పత్రం ఇవ్వవలసిన గడువు దాటిపోవడంతో బాబును పంపలేకపోయాము. శ్రద్ధగా చదివినా ఇలా ఎందుకు జరుగుతోంది?

జవాబు: మీ శ్రద్ధలో లోపం ఏమీ లేదు. జరిగిపోయిన కార్యక్రమాల విశేషాలు, ఏడాది పొడుగునా వర్తించే నియమాలు, ఫలానా తేదీలోపు ఇంటివాళ్ళు చేయవలసిన పనులు, ఈ మూడూ సర్క్యులర్‌లో ఒకే ధోరణిలో, ఒకే సైజు అక్షరాలలో వరుసగా ఉంటాయి. మొదటి రెండింటిని తీరికగా చదువుకున్నా నష్టం లేదు. తప్పిపోయేది మూడోదే. అందువల్ల మొదటిసారి చదివేటప్పుడు కలం చేతిలో పట్టుకుని తేదీల కోసం, ‘పంపండి’, ‘సంతకం చేయండి’, ‘చెల్లించండి’ వంటి మాటల కోసం మాత్రమే వెతకండి. బహుమతులు ఎవరికి వచ్చాయో రాత్రికి పిల్లలతో కలిసి చదువుకోవచ్చు.

విహారయాత్ర వంటి వాటిలో రెండు తేదీలుంటాయన్నది చాలామంది గమనించని విషయం. యాత్ర తేదీ అందరి క్యాలెండర్లలోకీ ఎక్కుతుంది, ఎందుకంటే పిల్లలు దాన్ని రోజూ గుర్తు చేస్తూనే ఉంటారు. అంతకు ముందు వచ్చే అనుమతి పత్రం గడువును మాత్రం ఎవరూ రాసుకోరు. రెండింటినీ విడివిడిగా రాసుకోవాలి. వాటితో పాటు, మీరు నిజంగా కదలవలసిన రోజును కూడా రాసుకుంటే మంచిది. పద్నాలుగో తేదీ కార్యక్రమానికి తెల్ల చొక్కా కావాలన్నారనుకోండి, పదో తేదీ గడిలో ‘తెల్ల చొక్కా సరిపోతుందో లేదో చూడాలి’ అని ఉండాలి. పద్నాలుగున ఉదయం తొడిగి చూస్తే చేతులు పొట్టి అయిపోయి ఉంటాయి.

ఇంట్లో పెద్దవాళ్ళు ఇద్దరూ బడి వాట్సాప్ గ్రూపులో ఉన్నప్పుడు, అవతలివారు చూసే ఉంటారని ఒకరి మీద ఒకరు వదిలేయడం ఎక్కువగా జరుగుతుంది. సర్క్యులర్ బాధ్యత ఎవరిదో ముందే అనుకోండి. ఇద్దరు పిల్లల తేదీలను రెండు రంగుల సిరాతో రాయండి. నాలుగో తరగతి పిల్లవాడు తన తేదీలను తానే క్యాలెండర్‌లో రాసుకోగలడు, ఆ పని అతనికి అప్పగించండి. సంతకం చేసిన కాగితం మాత్రం బల్ల మీద కాక ఆ క్షణమే సంచిలోకి వెళ్ళాలి.

ప్రశ్న: మా పాపకు రాత్రి జ్వరం వచ్చి, ఉదయం మందు వేశాక పూర్తిగా తగ్గింది. బడికి పంపితే మధ్యాహ్నానికి ఫోను చేసి తీసుకెళ్ళమన్నారు. జ్వరం తగ్గి 24 గంటలు గడిచాకే పంపాలని ప్రతి నెలా సర్క్యులర్‌లో రాస్తారు కానీ, తగ్గిన బిడ్డను ఇంట్లో ఎందుకు ఉంచాలో అర్థం కాదు.

జవాబు: ఆ నియమంలో ‘మందు వేయకుండా’ అన్నది అసలు మాట. పారాసెటమాల్ ప్రభావం నాలుగు నుంచి ఆరు గంటల వరకే ఉంటుంది. ఉదయం ఏడున్నరకు వేసిన మందు మధ్యాహ్న భోజనం వేళకు పని చేయడం మానేస్తుంది, అందుకే ఇటువంటి ఫోన్లు చాలావరకు ఆ సమయానికే వస్తాయి. 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 డిగ్రీల ఫారన్‌హీట్, లేదా అంతకు మించితే జ్వరంగా లెక్క. మందు సాయం లేకుండా ఒక పగలు, ఒక రాత్రి దానికి లోపలే ఉంటే పంపవచ్చు.

వాంతులు, విరేచనాలు అయినప్పుడు చివరిసారి అయినప్పటి నుంచి కనీసం 24 గంటలు ఆగాలి. చాలా బడులు 48 గంటలు ఆగమంటాయి, ఆ జాగ్రత్త అనవసరమైనదేమీ కాదు, ఎందుకంటే నోరోవైరస్ వంటివి పిల్లలు కోలుకున్నాక కూడా వ్యాపిస్తాయి. ఈ వైరస్ మీద శానిటైజర్ అంతగా పని చేయదు కనుక, సబ్బు నీళ్ళతో కనీసం 20 సెకన్లు చేతులు రుద్దుకోవడమే మార్గం. ఆటలమ్మ అయితే పొక్కులన్నీ ఎండి పెచ్చు కట్టే దాకా పంపకూడదు. జ్వరం లేకుండా, బిడ్డ చురుకుగా ఉండి, కాస్త దగ్గు మాత్రమే మిగిలితే బడి మాన్పించవలసిన పని లేదు. ఒక్క హెచ్చరిక: జ్వరానికి పిల్లలకు ఆస్పిరిన్ ఎప్పుడూ సొంతంగా వేయకండి. రేయ్స్ సిండ్రోమ్ అనే అరుదైన, ప్రమాదకరమైన జబ్బుతో దానికి సంబంధం ఉంది.

ప్రశ్న: తరగతిలో కొందరు పిల్లల తలలో పేలు కనిపించాయని, ఇంట్లో పరీక్షించుకోమని బడి నుంచి కబురు వచ్చింది. చూస్తే మా అమ్మాయి తలలోనూ ఉన్నాయి. మేము శుభ్రంగానే ఉంటాము. ఈ సంగతి బడికి చెప్పాలంటే తలవంపుగా ఉంది. చెప్పకపోతే ఏమవుతుంది?

జవాబు: చెప్పకపోతే, మీరు ఎంత కష్టపడి తీసినా పక్క బల్ల పాప నుంచి మళ్ళీ వస్తాయి. పేలకు రెక్కలు లేవు, అవి గెంతలేవు కూడా. తలకు తల తగిలినప్పుడు పాకి వెళ్తాయి. ఒకే పుస్తకం మీదికి నలుగురు పిల్లలు వంగి బొమ్మలు చూసే వయసు ఇది, కనుక ప్రాథమిక తరగతులలో ఇవి ఎక్కువగా కనిపించడంలో వింత లేదు. శుభ్రతకూ దీనికీ సంబంధం లేదు. రోజూ తలస్నానం చేసే పిల్లలకూ పడతాయి. ఎవరి బిడ్డ అన్నది చెప్పకుండా తరగతి అందరికీ కబురు పంపిన మీ బడి సరైన పనే చేసింది.

తీయడంలో ఓపికే ప్రధానం. తల తడిపి, కండిషనర్ బాగా పట్టించి, వెలుతురులో కూర్చోబెట్టి, పేల దువ్వెనతో కుదుళ్ళ నుంచి చివరల దాకా పాయ పాయగా దువ్వాలి. దువ్విన ప్రతిసారీ దువ్వెనను తెల్లని కాగితం మీద తుడిస్తే, నువ్వుగింజంత పురుగులు కనిపిస్తాయి. ముఖ్యంగా చెవుల వెనుక, మెడ పైభాగంలో చూడండి. తలకు దగ్గరగా వెంట్రుకకు అంటుకుని, గోటితో లాగినా కదలనివి ఈపులు. ఊదితే ఎగిరిపోయేది చుండ్రు. ఈపులు దాదాపు వారం, తొమ్మిది రోజులలో పొదుగుతాయి కనుక, మందు ఏదైనా వాడితే డబ్బా మీద చెప్పిన ప్రకారం రెండోసారీ వేయాలి. చాలామంది మొదటిసారితో వదిలేస్తారు, పది రోజుల తరువాత మందు పని చేయలేదంటారు. తలను వదిలిన పేను ఒకటి రెండు రోజులకు మించి బతకదు, కాబట్టి ఇల్లంతా దులిపి కడగనక్కరలేదు. దిండు గలీబులు, దువ్వెనలు, టోపీలు వేడి నీళ్ళలో ఉతికితే చాలు. పేలున్నాయన్న కారణంతో బిడ్డను రోజుల తరబడి బడి మాన్పించవలసిన అవసరం లేదని అమెరికా పిల్లల వైద్యుల సంఘం కూడా చెబుతోంది. క్లాస్ టీచర్‌కు ఒక్క ముక్క చెప్పి, చికిత్స మొదలుపెట్టామని తెలియజేయండి.

ప్రశ్న: నేను మూడో తరగతి క్లాస్ టీచర్‌ని. నెలనెలా రెండు పేజీల సర్క్యులర్ తయారు చేస్తాను. అందులో రాసిన సంగతినే మర్నాడు పదిమంది తల్లిదండ్రులు ఫోను చేసి అడుగుతారు. చదివేలా రాయడం ఎలా?

జవాబు: ముందు రెండు పేజీలను ఒకటికి తగ్గించండి. తరువాత, తేదీ ఉన్న పనులన్నిటినీ పైకి తెచ్చి, విశేషాలను కిందికి దించండి. ప్రధానోపాధ్యాయుల సందేశంతో మొదలుపెట్టే అలవాటు చాలా బడులలో ఉంది, దాన్ని కదిలించడం కొంచెం కష్టమే, అయినా అడిగి చూడండి.

భాష విషయంలో ఒక ఉదాహరణ చూద్దాము. “విద్యార్థుల నేత్ర ఆరోగ్యాన్ని దృష్టిలో ఉంచుకుని నిర్వహించనున్న పరీక్షలకు సంబంధించిన అంగీకార పత్రాన్ని సకాలంలో సమర్పించవలసినదిగా తల్లిదండ్రులను కోరడమైనది” అని రాస్తే, చదివినవారికి అది ఒక ప్రకటనలా అనిపిస్తుందే తప్ప, తాము చేయవలసిన పని ఒకటి ఉందని తోచదు. దాన్నే ఇలా రాయవచ్చు: “12వ తేదీ, శుక్రవారం లోపు: కంటి పరీక్ష అంగీకార పత్రం మీద సంతకం చేసి డైరీలో పెట్టి పంపండి. పరీక్ష 18వ తేదీ, గురువారం తరగతి గదిలోనే జరుగుతుంది. అద్దాలు వాడే పిల్లలు వాటిని తప్పక తెచ్చుకోవాలి.” తేదీ పక్కన వారం పేరు ఉండడం చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, ఇంటి పనులన్నీ వారాల లెక్కనే నడుస్తాయి.

తేదీ మారితే “పైన చెప్పిన తేదీలో మార్పు గమనించగలరు” అని గ్రూపులో ఒక ముక్క పెట్టకండి. మొత్తం విషయాన్ని కొత్త తేదీతో మళ్ళీ రాయండి. చదవడం రాని పెద్దలున్న ఇళ్ళకు అదే విషయాన్ని నిమిషం లోపు ఆడియోగా పంపితే చేరుతుంది. ఫీజు కట్టని, ఫారాలు ఇవ్వని పిల్లల పేర్లను అందరికీ కనిపించేలా పెట్టే పద్ధతి మాత్రం మీ బడిలో ఉంటే ఆపించే ప్రయత్నం చేయండి. దానివల్ల ఫారాలు రావడం సంగతి అటుంచి, ఆ ఇంటివారు సర్క్యులర్ తెరవడమే మానేస్తారు.

ప్రశ్న: ‘హాజరు ముఖ్యం’ అని ప్రతి నెలా రాస్తున్నారు. రెండో తరగతి పిల్లవాడు నెలకు రెండు రోజులు మానితే కొంప మునిగేదేముంది? ఇంట్లో నేనే చెప్పుకుంటాను.

జవాబు: నెలకు రెండు రోజులంటే పది నెలలకు ఇరవై రోజులు. బడి ఏడాదికి 200 రోజులు నడిస్తే అది పదో వంతు. పదో వంతు రోజులు మానడాన్ని అనేక చోట్ల విద్యాశాఖలు దీర్ఘకాలిక గైరుహాజరుగా పరిగణిస్తాయి. జబ్బు చేసి మానిన రోజులూ ఆ లెక్కలోకే వస్తాయి కనుక, వాటికి చోటు మిగిల్చుకోవడం అవసరం.

మీరు ఇంట్లో చెప్పగలరనడంలో సందేహం లేదు. కాని ఈ తరగతులలో పాఠాలు మెట్లు మెట్లుగా ఉంటాయి. 52 లోంచి 27 తీసివేయడానికి పదుల స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడం నేర్పిన రోజున మీ బాబు రాలేదనుకోండి. మర్నాడు వచ్చి రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీసేసి, 35 అని రాస్తాడు. తన లెక్క సరిగానే ఉందన్న నమ్మకంతో వారం రోజులు అలాగే చేస్తాడు. మానక తప్పని రోజున సాయంత్రమే ఏ పాఠం జరిగిందో టీచర్‌ను అడిగి తెలుసుకోండి. డాక్టరు అపాయింట్‌మెంట్లను వీలైనంతవరకు బడి వేళల తరువాత పెట్టుకోండి.

ప్రశ్న: పుస్తకాల సంచి ఎంత బరువు ఉండవచ్చు? పిల్లలు ఎన్ని గంటలు నిద్రపోవాలి?

జవాబు: సంచి బరువు పిల్లల బరువులో పది నుంచి పదిహేను శాతం మించకుండా చూడాలన్నది సాధారణంగా ఇచ్చే సలహా. ఇరవై కిలోల పాపకు రెండు, మహా అయితే మూడు కిలోలు. వారానికొకసారి సంచి బోర్లించి చూస్తే, ఆ బరువులో కొంత పోయిన నెల కాగితాలదేనని తేలుతుంది. నిద్ర విషయానికి వస్తే, 6 నుంచి 12 ఏళ్ళ పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటలు కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో సూచించింది. ఆరింటికి లేపవలసిన బిడ్డ తొమ్మిదింటికల్లా నిద్రలో ఉండాలి, పక్క ఎక్కితే సరిపోదు.

ప్రశ్న: మనవడిని తీసుకురావడానికి వెళ్తే, నా పేరు జాబితాలో లేదని అరగంట గేటు దగ్గర నిలబెట్టారు. పిల్లవాడు “తాతయ్యా” అంటూ పరుగెత్తుకు వచ్చినా ఒప్పుకోలేదు. ఇది పెద్దవాళ్ళను అవమానించడం కాదా?

జవాబు: మీకు కలిగిన బాధ సహజమే. అయితే గేటు దగ్గరున్నవారి స్థానంలో మీరుంటే, పిల్లవాడు గుర్తుపట్టాడన్న ఒక్క కారణంతో అప్పగించగలరా? తెలిసినవాళ్ళు కదా అని పిల్లలు చాలామంది దగ్గరికి పరుగెడతారు. మీ అబ్బాయి చేత గాని, కోడలి చేత గాని మీ పేరు, ఫొటో, ఫోను నంబరు బడి ఆఫీసులో ఇప్పించండి. ఇకమీదట చివరి నిమిషంలో మనిషి మారితే ఆఫీసుకే ఫోను చేయమనండి. టీచర్ పాఠం చెబుతూ గ్రూపు సందేశాలు చూడరు, పిల్లవాడితో చెప్పి పంపిన కబురును బడి పట్టించుకోకూడదు కూడా.

ప్రశ్న: మా పాపకు ఉబ్బసం ఉంది. ఇన్‌హేలర్ సంచిలో పెట్టి పంపుతున్నాము. బడిలో విడిగా చెప్పాలా?

జవాబు: తప్పనిసరిగా చెప్పాలి. ఆయాసం వచ్చిన వేళకు సంచి తరగతి గదిలో, పాప ఆటస్థలంలో ఉండవచ్చు. పేరు రాసిన ఇన్‌హేలర్ ఒకటి, మందుల షాపు లేబులున్న అసలు పెట్టెతో సహా, డాక్టరు రాసిచ్చిన సూచనలను జతచేసి బడిలో అందజేయండి. స్పేసర్ (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం) వాడే అలవాటుంటే అదీ ఇవ్వండి. వ్యాయామం టీచర్‌కు ప్రత్యేకంగా చెప్పండి, ఎందుకంటే కొందరు పిల్లలకు పరుగెత్తినప్పుడే ఆయాసం మొదలవుతుంది. బడిలో ఉన్న ఇన్‌హేలర్ గడువు తేదీని కూడా మీ క్యాలెండర్‌లో, ఆ తేదీకి రెండు వారాల ముందు గడిలో, రాసుకోండి.