మాక్సీ అంటే మన గడుసుతనమేనా?

ప్రశ్న: నమస్కారమండీ. మా అమ్మాయి అమెరికాలో ఎమ్మెస్ చదువుతూ కాలేజీ క్యాంటీన్‌లో పార్ట్‌టైమ్ చేస్తోంది. మొన్న మధ్యాహ్నం రష్‌లో బిల్లింగ్ మెషిన్ ఆగిపోతే, అట్టముక్క మీద రేట్లు రాసి నిలబెట్టి, నోటిలెక్కలు కట్టి, కార్డువాళ్ళ పేర్లు రాసుకుని లైనంతా పంపించేసిందట. మేనేజర్ "నీకు మాక్సీ ఉంది" అన్నాడట. మాకు తెలిసిన మ్యాక్సీ ఒంటిమీద వేసుకునే గౌనే. ఇది పొగడ్తేనా? - ఒక తల్లి, తెనాలి

జవాబు: పొగడ్తేనమ్మా, అదీ చాలా మంచి పొగడ్త. గౌనుకీ దీనికీ సంబంధం లేదు, ఇది ఒక కూల్‌డ్రింక్ పేరు. మసాచుసెట్స్‌లోని లోవెల్ ఊళ్ళో ఆగస్టిన్ థాంప్సన్ అనే డాక్టరు 1880ల్లో 'మాక్సీ నెర్వ్ ఫుడ్' అని నరాలకి బలమిచ్చే టానిక్కులా అమ్మాడు, జెన్షన్ అనే వేరు పడుతుంది కాబట్టి చేదుగా ఉంటుంది. తాగితే సత్తువ వస్తుందని ఊరూరా ప్రచారం చేసేసరికి 1930 నాటికి ఆ పేరే జనం నోట్లో ధైర్యానికీ చురుకుకీ మాటైపోయింది. మనిషిని మాక్సీ అనరు, ఫలానా పిల్లకి మాక్సీ ఉంది అంటారు.

దీనికి తెలుగులో మాట వెతికితే, తెగువ అంటే ధైర్యం ఒక్కటే వస్తుంది, చొరవ అంటే ముందుకు రావడం వరకే, ఆ క్షణానికి ఉపాయం తట్టి దాన్ని బెరుకు లేకుండా చేసెయ్యడం గడుసుతనంలోనే ఉంది. మా చిన్నత్త కూతురి పెళ్ళికి వంటవాళ్ళు రాకపోతే ఆవిడ కంగారు పడలేదు, దొడ్లో గాడిపొయ్యి తవ్వించి, వీధిలో ఆడవాళ్ళందర్నీ పోగేసి, పులిహోర పప్పుచారు అప్పడాలతో మగపెళ్ళివారికి టైముకి విస్తళ్ళు వేయించింది. అందరూ తృప్తిగా తిన్నారు, చేతులు కడుక్కుంటూ "అబ్బో గడుసుదే" అని మూతి విరిచారు కూడా. అదే పని మావయ్య చేసుంటే సమర్థుడు అనేవాళ్ళు! ఆడపిల్ల దగ్గరికొచ్చేసరికి ఈ మాటలో మనం కాస్త విషం కలుపుతాం, అది నాకు అస్సలు నచ్చదు. మాక్సీలో ఆ ఎత్తిపొడుపు లేదమ్మా, అందుకే మీరు నిశ్చింతగా సంతోషపడండి.

అన్నట్టు ఆ డ్రింకు ఇప్పటికీ దొరుకుతోంది, 2005లో అమెరికాలోని మెయిన్ (Maine) అనే రాష్ట్రం దాన్ని తమ అధికారిక కూల్‌డ్రింక్‌గా పెట్టుకుంది, అమ్మాయి ఎప్పుడైనా అటు వెళ్తే ఒక సీసా కొనుక్కుని రుచి చూడమనండి.