ఆర్సీ (రేడియో కంట్రోల్) విమానానికి ఎన్ని ఆంపియర్ల బీఈసీ కావాలి?

బీఈసీ అంటే బ్యాటరీ వోల్టేజీని దించి, రిమోట్ సిగ్నల్ అందుకునే రిసీవరుకీ, విమానం కంట్రోళ్లను కదిపే చిన్న మోటార్లైన సర్వోలకీ కరెంటు ఇచ్చే పరికరం. సర్వోలన్నీ ఒకేసారి బిగుసుకుపోతే లాగే కరెంటును ఆగకుండా ఇవ్వగలిగే బీఈసీ కావాలి. 4 సెల్స్ లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ, ఆపైన అయితే స్విచింగ్ రకమే తీసుకోండి. లీనియర్ రకం మిగులు వోల్టేజీనంతా వేడిగా వదిలేస్తుంది. నిండుగా చార్జైన 4 సెల్స్ ప్యాక్ 16.8 వోల్టులు, దాన్ని 5కి దించి 2 ఆంపియర్లు ఇస్తే 23.6 వాట్ల వేడి! గాల్లో బీఈసీ వేడెక్కి ఆగిపోతే రిసీవరూ ఆగుతుంది, విమానం చేజారినట్టే.

స్టాల్ కరెంటు (బిగుసుకుపోయినప్పుడు లాగేది) 1.2 ఆంపియర్లున్న సర్వోలు నాలుగుంటే మొత్తం 4.8. అంటే 5 ఆంపియర్లది కావాలి, అదీ నిరంతర రేటింగు. లేబుల్ మీద పెద్దగా కనిపించేది చాలాసార్లు కొన్ని క్షణాల పీక్ మాత్రమే.

ఎక్కువ ఆంపియర్ల బీఈసీ సర్వోలను కాల్చేస్తుందన్నది అపోహ. సర్వో తనకు కావలసినంతే లాగుతుంది. కాల్చేది వోల్టేజీ: 6 వోల్టుల సర్వోకి 7.4 సెట్టింగు పెట్టకండి.