టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే ఇంజెక్షన్‌తో క్యాన్సర్ వస్తుందా? దగ్గు లేకపోయినా క్షయ మందు ఎందుకు?

ప్రశ్న: నా వయసు 44 సంవత్సరాలు. మేము ఉప్పల్‌లో ఉంటాం. ఆరేళ్లుగా రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్ల జబ్బుతో బాధపడుతున్నాను. మెథోట్రెక్సేట్, హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రలు వాడుతున్నా పొద్దున లేచాక గంటన్నర వరకూ పిడికిలి బిగించలేకపోతున్నాను. రక్తపరీక్షలో వాపును చూపే సీఆర్‌పీ కూడా తగ్గడం లేదు. ఇప్పుడు మా డాక్టర్ గారు రెండు వారాలకొకసారి అడాలిముమాబ్ ఇంజెక్షన్ తీసుకోమన్నారు. దానికి ముందు క్షయ కోసం చర్మం మీద చేసిన మాంటూ పరీక్షలో వాపు 14 మిల్లీమీటర్లు వచ్చింది, ఛాతీ ఎక్స్‌రే బాగానే ఉంది. దగ్గు, జ్వరం ఏమీ లేకపోయినా ఆరు నెలలు ఐసోనియాజిడ్ అనే క్షయ మాత్రలు వాడాలంటున్నారు. నా చిన్నప్పుడు మా నాన్నగారికి క్షయ వచ్చి తగ్గింది. ఈ ఇంజెక్షన్ అడ్డుకునే టీఎన్‌ఎఫ్ అనేది కణితులను చంపే ప్రోటీన్ అని ఎమ్మెస్సీ చదువుతున్న మా అమ్మాయి చెప్పింది. అదే ప్రోటీన్ కణాలను బతికిస్తుందని కూడా తన పుస్తకంలో ఉందట. అలాంటి దాన్ని అడ్డుకుంటే క్యాన్సర్ రాదా? ఈ ఇంజెక్షన్ జీవితాంతం వాడాలా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీరు క్యాన్సర్ గురించి ఎక్కువగా, క్షయ గురించి తక్కువగా ఆందోళన పడుతున్నారు. వైద్యపరంగా చూస్తే అది తారుమారు కావాలి. మీ డాక్టర్ గారు ఐసోనియాజిడ్ రాయడం సరైన నిర్ణయం, దాన్ని మానవద్దు. ఎందుకో తెలియాలంటే టీఎన్‌ఎఫ్ (ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్) కణానికి ఏం చెబుతుందో, కణం దాన్ని ఎలా అందుకుంటుందో కొంత వివరంగా చూడాలి. మీ అమ్మాయి చెప్పిన రెండు మాటలూ నిజమే కాబట్టి ఈ వివరం ఆమెకు కూడా ఉపయోగపడుతుంది.

టీఎన్‌ఎఫ్‌ను ప్రధానంగా తయారుచేసేవి మాక్రోఫేజ్‌లు అనే రక్షణ కణాలు. మొదట అది 233 అమైనో ఆమ్లాల పొడవున, తనను తయారుచేసిన కణం పై పొరకే అంటుకొని ఉంటుంది. ఒక ఎంజైమ్ దాన్ని కత్తిరించినప్పుడు 157 అమైనో ఆమ్లాల భాగం విడిపోయి రక్తంలోకి, కీళ్ల ద్రవంలోకి చేరుతుంది. అంటుకొని ఉన్నా, విడిగా తిరుగుతున్నా, మూడు అణువులు గుత్తిగా కలిసి ఉన్నప్పుడే అది పనిచేస్తుంది. అది తాను చేరిన కణం లోపలికి వెళ్లి ఏ పనీ చేయదు. కణం పై పొర మీద ఉండే గ్రాహకాలను, అంటే రిసెప్టర్లను, పట్టుకొని దగ్గరకు చేరుస్తుంది. అలా దగ్గరైన గ్రాహకాల లోపలి కొనల వద్ద కణంలోని ఇతర ప్రోటీన్లు వచ్చి కూడతాయి. ఏ ప్రోటీన్లు కూడాయి, ఎంతసేపు కూడి ఉన్నాయి అనే దాన్ని బట్టే ఆ కణం బతకడమో, చావడమో, చుట్టుపక్కల కణాలను రెచ్చగొట్టడమో జరుగుతుంది. చంపే గుణమూ బతికించే గుణమూ టీఎన్‌ఎఫ్‌లో లేవు, అది కేవలం సందేశం.

ఈ గ్రాహకాలు రెండు రకాలు. టీఎన్‌ఎఫ్‌ఆర్-1 అనేది మన శరీరంలో దాదాపు అన్ని రకాల కణాల మీదా ఉంటుంది. టీఎన్‌ఎఫ్‌ఆర్-2 ఎక్కువగా రక్షణ కణాల మీద, రక్తనాళాల లోపలి పొర కణాల మీద ఉంటుంది.

మొదటి గ్రాహకం లోపలి భాగంలో డెత్ డొమైన్ అనే తునక ఒకటి ఉంది. దాని ద్వారా కణాన్ని చావు వైపు నడిపించడం సాధ్యమే అయినా, మామూలు పరిస్థితుల్లో టీఎన్‌ఎఫ్ తగిలిన కణం చావదు. ముందుగా ట్రాడ్, రిప్-1, ట్రాఫ్-2 అనే ప్రోటీన్లు ఆ గ్రాహకం దగ్గర చేరతాయి. మరికొన్ని ఎంజైమ్‌లు వచ్చి రిప్-1 మీద యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్ గొలుసులను అతికిస్తాయి. ఆ గొలుసులను ఆధారం చేసుకొని ఐకేకే అనే ఎంజైమ్ల బృందం పనిలోకి దిగుతుంది. అప్పటివరకు ఎన్‌ఎఫ్-కాపా-బి అనే ప్రోటీన్‌ను కదలకుండా పట్టి ఉంచిన మరో ప్రోటీన్‌కు ఐకేకే గుర్తు వేస్తే, కణం దాన్ని విరగ్గొట్టేస్తుంది. పట్టు వదిలిన ఎన్‌ఎఫ్-కాపా-బి కేంద్రకంలోకి వెళ్లి అనేక జన్యువులను పనిచేయిస్తుంది. వీటిలో కొన్ని వాపును పెంచే ఐఎల్-6, ఐఎల్-8 వంటి వాటిని తయారుచేస్తాయి. మరికొన్ని ఆ కణాన్నే చావు నుంచి కాపాడే ప్రోటీన్లను తయారుచేస్తాయి. కణాలను బతికిస్తుందని పుస్తకంలో ఉన్నది ఈ దారి గురించే.

ఈ రక్షణ ఏర్పాటు ఎక్కడైనా తప్పితే రెండో దారి తెరుచుకుంటుంది. యుబిక్విటిన్ గొలుసులు సరిగా పడకపోయినా, కాపాడే ప్రోటీన్లు తగినంత తయారుకాకపోయినా, రిప్-1 గ్రాహకాన్ని వదిలి ఫాడ్, కాస్పేజ్-8 అనే ప్రోటీన్లతో చేరుతుంది. అప్పుడు కణం చుట్టుపక్కల వాటికి హాని చేయకుండా తనను తాను విడదీసుకొని చనిపోతుంది. దీనినే ఎపాప్టోసిస్ అంటారు. కొన్ని వైరస్‌లు కాస్పేజ్-8ను పనిచేయనివ్వవు. అటువంటి చోట రిప్-3, ఎమ్‌ఎల్‌కేఎల్ అనే ప్రోటీన్లు రంగంలోకి వచ్చి కణం పై పొరను ఛేదిస్తాయి, కణం పగిలి లోపలి పదార్థమంతా బయటపడుతుంది, దానితో వాపు ఇంకా పెరుగుతుంది. ఈ దారులను పుస్తకాల్లో చూపే, బాణం గుర్తులతో నిండిన పటాలను చూసి ఎంబీబీఎస్ విద్యార్థులే బెదిరిపోతారు కాబట్టి, మీకు ఒకసారి చదవగానే అర్థం కాకపోతే అందులో చిన్నతనం ఏమీ లేదు.

రెండో గ్రాహకంలో డెత్ డొమైన్ లేదు. అది పూర్తిగా మేల్కొనడానికి విడిగా తిరిగే టీఎన్‌ఎఫ్ చాలదు, పక్క కణం పొరకు అంటుకొని ఉన్న టీఎన్‌ఎఫ్ కావాలి. రోగనిరోధక వ్యవస్థను అదుపులో ఉంచే టి-కణాలు నిలదొక్కుకోవడానికి, దెబ్బతిన్న కణజాలం బాగుపడటానికి ఇది తోడ్పడుతుంది. అంటే టీఎన్‌ఎఫ్ వాపును పెంచడమే కాదు, కొన్ని చోట్ల దాన్ని తగ్గిస్తుంది కూడా.

ఇప్పుడు మీ వేళ్ల విషయానికి వద్దాం. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో కీలు లోపలి పొరలో చేరిన మాక్రోఫేజ్‌లు ఆగకుండా టీఎన్‌ఎఫ్‌ను విడుదల చేస్తుంటాయి. దాని ప్రభావంతో ఆ పొర మందమై, కొత్త రక్తనాళాలతో నిండి, మృదులాస్థిని కరిగించే ఎంజైమ్‌లను వదులుతుంది. ర్యాంక్‌ఎల్ అనే మరో ప్రోటీన్‌తో కలిసి టీఎన్‌ఎఫ్ ఎముకను తొలిచే కణాలను కూడా పెంచుతుంది. ఈ ర్యాంక్‌ఎల్ కూడా టీఎన్‌ఎఫ్ కుటుంబంలోనిదే. టీఎన్‌ఎఫ్ పురిగొల్పిన ఐఎల్-6 కాలేయానికి చేరి సీఆర్‌పీని తయారుచేయిస్తుంది. మీ రిపోర్టులో తగ్గకుండా ఉన్న సీఆర్‌పీ, పొద్దుటి బిగుతు, మీరు రాయకపోయినా ఉండే ఉంటుందని నేననుకునే నీరసం, ఇవన్నీ ఒకే మూలం నుంచి వస్తున్నాయి. ఇలాగే వదిలేస్తే ఎముక అరిగిన చోట మళ్లీ పూర్వస్థితి రాదు కాబట్టి, మాత్రలు చాలనప్పుడు ఇంజెక్షన్‌కు వెళ్లడంలో ఆలస్యం చేయకూడదన్నది నా అభిప్రాయం.

టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకుంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్ తగ్గుతుందని లండన్‌లో మార్క్ ఫెల్డ్‌మన్, రవీందర్ మైనీ 1990ల మొదట్లో రోగులలో చూపించారు, ఆ కృషికి 2003లో వైద్య పరిశోధనకు ఇచ్చే లాస్కర్ పురస్కారం అందుకున్నారు. అడాలిముమాబ్ ఒక యాంటీబాడీ. అది టీఎన్‌ఎఫ్‌ను గ్రాహకం చేరకముందే పట్టేస్తుంది. ఎటానర్‌సెప్ట్ అనే మరో మందును టీఎన్‌ఎఫ్‌ఆర్-2 బయటి భాగాన్నే తీసుకొని తయారుచేశారు, కనుక టీఎన్‌ఎఫ్ అసలు గ్రాహకం బదులు దానికి అంటుకుంటుంది. ఇంజెక్షన్ మొదలుపెట్టినా మెథోట్రెక్సేట్ మానకండి. అడాలిముమాబ్‌ను శరీరం పరాయి పదార్థంగా భావించి దానికి వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారుచేసుకోకుండా మెథోట్రెక్సేట్ చాలావరకు ఆపుతుంది, మందు ఎక్కువకాలం పనిచేస్తుంది. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో మెథోట్రెక్సేట్‌ను రూపొందించిన బృందానికి నాయకత్వం వహించినది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే. అయితే దాన్ని వారానికి ఒక్క రోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాపాయం.

క్యాన్సర్ సంగతి. బ్యాక్టీరియా విషం ఎక్కించిన ఎలుకల సీరంలో కణితులను కుళ్లబెట్టే పదార్థం ఒకటి ఉందని 1975లో న్యూయార్క్ శాస్త్రవేత్తలు ప్రకటించారు, దానికి పెట్టిన పేరే టీఎన్‌ఎఫ్. 1980లలో దాన్ని క్యాన్సర్ రోగులకు మందుగా ఇచ్చి చూశారు. కణితులు పెద్దగా తగ్గకపోగా రక్తపోటు పడిపోయి రోగులు షాక్‌లోకి వెళ్లారు. ఈనాడు కొన్ని దేశాల్లో కాలి లేదా చేతి కణితికి, ఆ అవయవపు రక్తప్రసరణను శరీరం నుంచి వేరుచేసి మాత్రమే దాన్ని వాడుతున్నారు. పైగా టీఎన్‌ఎఫ్ జన్యువు లేని ఎలుకలకు చర్మపు కణితులు తక్కువగా వచ్చాయని 1999లో తేలింది. దీర్ఘకాలం వాపు ఉన్నచోట కణితి పెరగడానికి టీఎన్‌ఎఫ్ సహాయం కూడా చేయగలదు. కనుక దాన్ని అడ్డుకోగానే క్యాన్సర్‌కు తలుపు తెరిచినట్టే అనుకోవడానికి ఆధారం లేదు. ఈ మందుల పెట్టె మీద లింఫోమా (లింఫ్ గ్రంథుల క్యాన్సర్) గురించి హెచ్చరిక ఉన్న మాట నిజమే. కానీ అదుపులో లేని రుమటాయిడ్ ఆర్థరైటిస్ వల్లే లింఫోమా ముప్పు కొంత పెరుగుతుంది. పెద్ద సంఖ్యలో రోగులను ఏళ్ల తరబడి గమనించిన నమోదుల్లో, ఈ మందుల వల్ల మొత్తం మీద క్యాన్సర్లు స్పష్టంగా పెరిగినట్టు కనిపించలేదు, చర్మ క్యాన్సర్ విషయంలో మాత్రం కొద్దిపాటి జాగ్రత్త చెబుతారు. మీకు గతంలో ఏదైనా క్యాన్సర్ వచ్చి ఉంటే అది వేరే సంగతి, దాన్ని డాక్టర్ గారికి తప్పక చెప్పాలి.

క్షయ విషయంలో పరిస్థితి వేరు. క్షయ క్రిమి ఒంట్లో చేరినవారిలో చాలామందికి జబ్బు రాదు. మాక్రోఫేజ్‌లు, టి-కణాలు ఆ క్రిములను చుట్టుముట్టి గ్రాన్యులోమా అనే చిన్న ముద్దగా కట్టడి చేస్తాయి. లోపల క్రిమి చావదు, బయటికీ రాదు, నివురుగప్పిన నిప్పులా దశాబ్దాలు ఉండిపోతుంది. ఆ ముద్దను చెదరకుండా నిలిపేది, మాక్రోఫేజ్‌కు క్రిమిని అణచే శక్తినిచ్చేది టీఎన్‌ఎఫ్ సందేశమే. మీ కీళ్లను పాడుచేస్తున్న సందేశమూ, బహుశా మీ నాన్నగారి దగ్గర నుంచి వచ్చిన క్రిమిని ఇన్నేళ్లూ అణచి ఉంచిన సందేశమూ ఒకటే కావడం వల్ల, ఒకదాన్ని ఆపి రెండోదాన్ని ఉంచడం ఈ మందులకు సాధ్యం కాదు. 2001లో అమెరికా వైద్య పత్రికలో, ఇదే తరగతికి చెందిన ఇన్‌ఫ్లిక్సిమాబ్ వాడిన 70 మందికి క్షయ వచ్చిన వివరాలు ప్రచురితమయ్యాయి. వారిలో ఎక్కువమందికి మూడు లేదా అంతకన్నా తక్కువ డోసులకే జబ్బు బయటపడింది, సగానికి పైగా రోగులలో అది ఊపిరితిత్తులకు వెలుపల కనిపించింది. ప్రపంచంలోని క్షయ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నందున, అమెరికాలో అవసరమైన జాగ్రత్త హైదరాబాద్‌లో అంతకన్నా ఎక్కువ అవసరం.

మాంటూ పరీక్షలో రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారికి 5 మిల్లీమీటర్ల వాపునే పాజిటివ్‌గా తీసుకుంటాం, మీకు వచ్చింది 14. చిన్నప్పటి బీసీజీ టీకా వల్ల కూడా వాపు రావచ్చు కాబట్టి, సందేహం ఉంటే ఇగ్రా అనే రక్తపరీక్ష చేయించవచ్చు, దానిమీద బీసీజీ ప్రభావం ఉండదు. అయితే ఇంట్లో క్షయ ఉన్న చరిత్ర మీకుంది కాబట్టి, ఇగ్రా నెగటివ్ వచ్చినా నేను మాత్రలు మాన్పించేవాణ్ని కాదు. ఆరు నెలలూ పూర్తయ్యేదాకా ఇంజెక్షన్ కోసం ఆగనక్కరలేదు, సాధారణంగా కనీసం ఒక నెల ఐసోనియాజిడ్ వాడిన తరువాత మొదలుపెట్టవచ్చు. ఐసోనియాజిడ్, మెథోట్రెక్సేట్ రెండూ కాలేయం మీద భారం వేస్తాయి కనుక కాలేయ పరీక్షలు క్రమం తప్పకుండా చేయించుకోండి, ఐసోనియాజిడ్‌తోపాటు ఇచ్చే బి-6 విటమిన్‌ను మరువకండి. ఇంజెక్షన్ మొదలైన తరువాత సాయంత్రం పూట జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, మెడలో గడ్డలు, విడవని కడుపునొప్పి కనిపిస్తే దగ్గు లేదు కదా అని ఊరుకోవద్దు. ముందే చెప్పినట్టు, ఈ మందులు వాడేవారిలో క్షయ ఊపిరితిత్తుల్లోనే రావాలని లేదు. క్షయ ముప్పు ఎటానర్‌సెప్ట్‌తో కొంత తక్కువ, కాబట్టి దాని గురించి కూడా మీ డాక్టర్ గారితో మాట్లాడవచ్చు. రెండో అభిప్రాయం కావాలనుకుంటే పంజాగుట్టలోని నిమ్స్‌లో రుమటాలజీ విభాగం ఉంది.

హెపటైటిస్-బి పరీక్ష చేశారో లేదో మీరు రాయలేదు, చేయకపోతే అడిగి చేయించుకోండి. తీవ్రమైన గుండె వైఫల్యం ఉన్నా, మల్టిపుల్ స్క్లీరోసిస్ వంటి నరాల జబ్బు ఉన్నా ఈ మందు పనికిరాదు. ఫ్లూ, న్యుమోనియా టీకాలు వేయించుకోవచ్చు, బతికున్న క్రిమితో చేసిన టీకాలు కూడదు. జ్వరంతో కూడిన ఇన్‌ఫెక్షన్ ఏది వచ్చినా ఆ వారం ఇంజెక్షన్ ఆపి ముందు డాక్టర్‌కు చూపించండి. మందును 2 నుంచి 8 డిగ్రీల మధ్య, ఫ్రీజర్‌లో కాకుండా ఫ్రిజ్ కింది అరలో ఉంచాలి. మే నెల ఎండలో మందుల షాపు నుంచి తెచ్చుకునేటప్పుడు ఐస్ ప్యాక్ తప్పనిసరి.

జీవితాంతం వాడాలా అని అడిగారు. మూడు నుంచి ఆరు నెలల్లో గుణం కనిపించకపోతే ఈ మందును మార్చి, వేరే దారిలో పనిచేసేది ఇస్తారు. గుణం కనిపించి, జబ్బు ఆరు నెలలకు పైగా పూర్తిగా సద్దుమణిగి ఉంటే, రెండు వారాలకొకటి ఇచ్చేదాన్ని మూడు, నాలుగు వారాలకొకటిగా వ్యవధి పెంచి చూస్తారు. ఒక్కసారిగా ఆపేసినవారిలో చాలామందికి జబ్బు తిరగబెడుతుంది కనుక, నొప్పి లేదని మీ అంతట మీరు మానవద్దు. మళ్లీ మొదలుపెడితే ఎక్కువమందిలో తిరిగి అదుపులోకి వస్తుంది.